ముందు తెలుగులో రాసుకో

అడయారు, చెన్నై

చిరంజీవి మేనకోడలికి అత్తయ్య ఆశీస్సులు.

అధ్యాపక ఉద్యోగం దరఖాస్తు కోసం నీ పరిశోధన గురించీ బోధన గురించీ ఇంగ్లీషులో రాసి పంపిన నాలుగు పేజీలు నిన్న రాత్రి ఒకసారి, పొద్దున్న కాఫీ తాగాక ఇంకోసారి చదివాను. ఫోనులో చెప్పేయవచ్చు. కానీ ఫోనులో నేను ఒక మాట అంటే నువ్వు పది సమాధానాలు చెబుతావు, చివరికి కాగితం ఉన్నది ఉన్నట్టే ఉండిపోతుంది. అందుకే రాస్తున్నాను. తీరిక చూసుకుని చదువు. కోపం వస్తే ఒక పూట పక్కన పెట్టి మళ్ళీ చదువు.

తప్పులు లేవు. ఇంగ్లీషు చక్కగా ఉంది. అయినా రెండుసార్లు చదివాక కూడా, ఈ అయిదేళ్ళూ బెంగళూరులో నువ్వు ఏం చేశావో ఆ పేజీలనుబట్టి నాకు తెలియలేదు. నిన్ను పుట్టినప్పటినుంచి ఎరిగినదాన్ని, 31 ఏళ్ళు బయోఫిజిక్స్, అంటే జీవభౌతికశాస్త్రం, పాఠం చెప్పినదాన్ని. నాకే తెలియకపోతే, దరఖాస్తుల కట్ట ముందేసుకుని కూర్చున్న ఎంపిక సంఘం వాళ్ళకు ఎలా తెలుస్తుంది?

సంక్రాంతికి వచ్చినప్పుడు నాయనమ్మ నిన్ను అడిగింది, గుర్తుందా? ‘రాత్రిళ్ళు ఆ చీకటి గదిలో కూర్చుని ఏం చేస్తావే?’ అని. నువ్వు అరిసె కొరుకుతూ చెప్పావు: ‘వెలుతురుతో చేసిన పట్టకారు ఉంటుంది నాయనమ్మా. దానితో ఒకే ఒక్క ప్రొటీన్‌ను రెండు కొసలా పట్టుకుని లాగి ముడి విప్పుతాను. వదిలేస్తే మళ్ళీ ముడుచుకుంటుంది. ఎంత బలానికి విప్పుకుందో కొలుస్తాను.’ నాయనమ్మ వెంటనే, ‘మళ్ళీ అదే ముడి పడుతుందా, వేరేది పడుతుందా?’ అంది. నువ్వు తినడం ఆపేశావు. ‘నా థీసిస్ అంతా అదే నాయనమ్మా’ అన్నావు. ఆ నాలుగు మాటలూ, ఆ ప్రశ్నా నీ నాలుగు పేజీల్లో ఎక్కడా లేవు.

కాబట్టి నా సలహా ఇది. ఇంగ్లీషు పేజీలు మూసేయి. ఒక నోటుపుస్తకం తీసుకుని ఇదంతా ముందు తెలుగులో రాసుకో. అది ఎవరికీ పంపనక్కరలేదు. నువ్వు ఏం చేశావో ముందు నీకు తేటపడాలి, అందుకు.

నీ మొదటి పేజీలో ‘క్యారెక్టరైజ్ చేశాం’ (లక్షణాలు తేల్చాం) అని మూడు చోట్ల ఉంది. దాన్ని తెలుగులో రాయబోయి చూడు, కలం ఆగుతుంది. ఏం చేశావు? కొలిచావా, పోల్చావా, పొడవు చూశావా, బలం చూశావా? ఒకచోట అది ‘బలం పెంచుతూ పోతే ఎక్కడ విప్పుకుందో కొలిచాను’ అవుతుంది. ఇంకోచోట ‘ద్రావణంలో ఉప్పు మోతాదు మార్చి, రెండు ఫలితాలనూ పోల్చి చూశాను’ అవుతుంది. మూడోచోట ఏమీ కాదు. అక్కడ వాక్యమే తీసేయాలి. ఇంగ్లీషులో ఆ మూడూ ఒకే మాట చాటున కూర్చున్నాయి. పత్రికల్లో వ్యాసాలు చదివి చదివి ఇలాంటి మాటలు చేతికి అలవాటవుతాయి. నా విద్యార్థులందరికీ ఉండేది ఈ అలవాటు.

ఇంకొకటి ఉంది, దీన్ని నేను చాలా గట్టిగా నమ్ముతాను. ఇంగ్లీషులో ‘వి’ (we) ఒక్కటే. మనకు మేము ఉంది, మనం ఉంది. వింటున్నవాళ్ళను కలుపుకుంటే మనం, కలుపుకోకపోతే మేము. నీ ఒక్కొక్క ‘వి’నీ తెలుగులోకి తెచ్చేటప్పుడు ఆగి తేల్చుకోక తప్పదు, ఇది నేనా, మేమా, మనమా అని. లేజర్ కిరణాన్ని సరిచేసి నిలబెట్టింది నువ్వు. అక్కడ ‘నేను’ అని రాయి. ప్రొటీన్‌ను బ్యాక్టీరియాలో పెంచి శుద్ధి చేసింది మీ సీనియర్ అని నువ్వే చెప్పావు. అక్కడ ‘మేము’ కూడా రాయకూడదు, ఆ పని ఆమె చేసిందని రాయాలి. లెక్కలు ముందు పెట్టుకుని వాటికి అర్థం వెతికింది నువ్వూ, ఆమే, మీ గైడూ. అది ‘మేము’. నీ పేజీల్లో ‘మనం’ ఒక్కచోటా రాలేదు. అది ఎక్కడ రావాలో తర్వాత చెబుతాను.

నా మొదటి ఇంటర్వ్యూ ఒక కళాశాలలో జరిగింది. ‘మేము స్ఫటికం పెంచాం, మేము ఎక్స్‌రే చిత్రాలు తీశాం’ అంటూ పోయాను. అక్కడున్న ఒక పెద్దాయన మర్యాదగానే అడిగారు, ‘ఇందులో మీరు చేసింది ఏమిటమ్మా?’ అని. ఆ స్ఫటికాలు పెంచింది నేనే. 14 నెలలు పట్టింది. కానీ ‘నేను’ అంటే గొప్పలు చెప్పుకున్నట్టవుతుందని చిన్నప్పటినుంచి విన్న మాట గొంతుకు అడ్డం పడింది. ఏదో గొణిగి బయటికి వచ్చాను. ఆ ఉద్యోగం రాలేదు. మన ఇంటి ఆడపిల్లల్లో ఈ సంకోచం ఇంకా పోలేదు, నీలోనూ కనిపిస్తోంది. చేసిన పనిని చేశానని చెప్పడం లెక్క అప్పజెప్పడం లాంటిది తల్లీ. ఒకరి వాటా నీ ఖాతాలో పడకూడదు, నీ వాటా ఎవరి ఖాతాలోనూ పడకూడదు.

తర్వాత అంకెలు. ‘అతి స్వల్ప బలాలు’ అని రాశావు. ఎంత స్వల్పం? 100 గ్రాముల జామకాయను అరచేతిలో పెట్టుకుంటే అది మోపే బరువు సుమారు ఒక న్యూటన్. దాన్ని లక్ష కోట్ల భాగాలు చేస్తే ఒక భాగం ఒక పికోన్యూటన్. నీ ప్రొటీన్ పది పికోన్యూటన్ల దగ్గర విప్పుకుందని చెప్పావు కదా, ఆ పది అనే అంకె రాయి. ప్రొటీన్ అంటే అమైనో ఆమ్లాల గొలుసే కదా. విప్పుకున్న ఆ గొలుసు పూర్తిగా సాగితే ఒక్కో అమైనో ఆమ్లానికి సుమారు 0.36 నానోమీటరు (నానోమీటరు అంటే మీటరులో వంద కోట్లవ వంతు) వస్తుంది. కాబట్టి ఎంత సాగిందో చెబితే ఎన్ని అమైనో ఆమ్లాలు విప్పుకున్నాయో చదివేవాళ్ళే లెక్కేసుకుంటారు. వాళ్ళు లెక్కేసుకోగలిగితే నిన్ను నమ్ముతారు.

వీటన్నిటికంటే ముందు ప్రశ్న రావాలి. నువ్వు పరికరంతో మొదలుపెట్టావు. అద్దాలు, లేజర్, కెమెరా, సాఫ్ట్‌వేర్ అన్నీ అయ్యాక రెండో పేజీ మధ్యలో ప్రొటీన్ వచ్చింది. ఈ ఊళ్ళో బయోఫిజిక్స్ ఎలా మొదలైందో ఒకసారి తలుచుకో. జి.ఎన్. రామచంద్రన్ గారు 1952లో, ముప్పై ఏళ్ళు నిండీ నిండని వయసులో, మద్రాసు విశ్వవిద్యాలయానికి భౌతికశాస్త్రం ఆచార్యులుగా వచ్చారు. ఆ రోజుల్లో ఇక్కడికి వచ్చిన బ్రిటన్ శాస్త్రవేత్త జె.డి. బెర్నాల్‌తో మాట్లాడుతుండగా కొలాజెన్ నిర్మాణం ఇంకా తేలలేదని విన్నారు. చర్మానికీ ఎముకకూ, కండను ఎముకకు కట్టి ఉంచే స్నాయువుకూ బలమిచ్చే ప్రొటీన్ అది. అది ఎలా ఉంటుంది? ప్రశ్న అంతే. అదే పట్టుకున్నారు. మా ఇంటికి దగ్గరలోనే ఉన్న కేంద్రీయ తోళ్ళ పరిశోధన సంస్థ నుంచి కంగారూ తోకలోని స్నాయువు తెచ్చుకుని ఎక్స్‌రే చిత్రాలు తీశారు. కొలాజెన్‌లో మూడింట ఒక అమైనో ఆమ్లం గ్లైసీన్. ఎందుకు? మూడు పాయల జడలా అల్లుకుని ఉంటే, జడ నడిమికి వచ్చే ప్రతి మూడో స్థానంలో చోటు చాలదు. అక్కడ అన్నిటికన్నా చిన్నదైన గ్లైసీన్ మాత్రమే ఇముడుతుంది. 1954లో గోపీనాథ్ కర్తాతో కలిసి ఆ మూడు పాయల నమూనా ప్రకటించారు. ఇందులో పరికరం ఎక్కడుందో చూడు. ఉంది, కానీ ప్రశ్న వెనక నడుస్తోంది.

ఆ కథలో రెండో సగం నీకు ఇంకా ఎక్కువ అవసరం. 1955లో వాళ్ళే ఆ నమూనాను సవరించి, మూడు పాయలూ ఒకదాన్నొకటి మెలివేసుకుని ఉంటాయని చెప్పారు. దాని మీద విమర్శ వచ్చింది. ఫ్రాన్సిస్ క్రిక్, అలెగ్జాండర్ రిచ్ అనే శాస్త్రవేత్తలు ఆ నమూనాలో కొన్ని పరమాణువులు మరీ దగ్గరగా వచ్చాయని అభ్యంతరం చెప్పారు. రామచంద్రన్ గారు ఆ అభ్యంతరాన్ని పక్కకు నెట్టలేదు. అసలు పరమాణువులు ఎంత దగ్గరికి రాగలవు అని అప్పటికి తెలిసిన స్ఫటిక నిర్మాణాలన్నీ వెతికించారు. పెప్టైడ్ గొలుసును, అంటే అమైనో ఆమ్లాల గొలుసునే, పేకముక్కలు మూలమూలా కలిపి గుచ్చిన దండ అనుకుంటే, ఒక్కో కీలు దగ్గర రెండు కోణాలు తిరుగుతాయి. ఆ రెండు కోణాలకు ఏ విలువలిస్తే పరమాణువులు ఢీకొనవో లెక్కగట్టి ఒక పటం గీశారు. రామకృష్ణన్, శశిశేఖరన్ గార్లతో కలిసి 1963లో ప్రచురించిన ఆ పటం మీదనే ఇవాళ్టికీ కొత్తగా తేలిన ప్రతి ప్రొటీన్ నిర్మాణాన్నీ సరిచూస్తారు. 1970ల మొదట్లో ఆయన బెంగళూరు వెళ్ళి భారతీయ విజ్ఞాన సంస్థలో మాలిక్యులర్ బయోఫిజిక్స్ విభాగం నెలకొల్పారు. గిండీలో చదువుకునే రోజుల్లో మా గురువులు ఇదంతా చెబుతుంటే, విమర్శను అలా తీసుకోవడం ఎలా చేతనయిందా అని నేను ఆశ్చర్యపోయేదాన్ని.

నీకూ అలాంటి సంవత్సరం ఒకటి ఉంది. రెండో ఏడు ఒక అర్ధరాత్రి నాకు ఫోన్ చేసి ఏడ్చావు, ఏడాది కొలతలూ పనికిరావని. దాని ఊసే పేజీల్లో లేదు. సిగ్గుపడి వదిలేశావని నాకు తెలుసు. నా దృష్టిలో మొత్తం దరఖాస్తులో అందరికన్నా నిన్ను వేరుగా నిలిపే భాగం అదే.

నాకు గుర్తున్నంతవరకు రాస్తాను, తప్పుంటే దిద్దు. ప్రొటీన్ కొసకు తగిలించి పట్టకారుతో పట్టుకునే మైక్రాను (మిల్లీమీటరులో వెయ్యో వంతు) పూస ఎప్పుడూ వణుకుతూ ఉంటుంది, చుట్టూ ఉన్న నీటి అణువులు దాన్ని అన్ని వైపులా తోస్తుంటాయి కనుక. పట్టు గట్టిదైతే వణుకు తక్కువ, వదులైతే ఎక్కువ. గది ఉష్ణోగ్రత దగ్గర ఆ వణుకు వెనకున్న శక్తి 4.1 పికోన్యూటన్ నానోమీటర్లు. పట్టు గట్టిదనం నానోమీటరుకు 0.1 పికోన్యూటన్ అయితే పూస సగటున సుమారు 6.4 నానోమీటర్ల మేర అటూ ఇటూ కదలాలి. వణుకును కొలిచి పట్టు ఎంతో చెప్పడం మీ పద్ధతి. నీ పూస పగలు ఒక లెక్క, రాత్రి ఒక లెక్క చెప్పింది. అందరూ పూస మంచిది కాదన్నారు. నువ్వు మూడు వారాలు గంటగంటకూ కొలత రాసుకుని, గదిలో ఏసీ ఆగి మళ్ళీ మొదలైనప్పుడల్లా కిరణం జరుగుతోందని, పగటిపూట రోడ్డు మీది లారీల అదురు కూడా తోడవుతోందని పట్టుకున్నావు. బల్ల చుట్టూ పెట్టె కట్టించి, కొలతలన్నీ రాత్రికి మార్చి, పాతవన్నీ పారేసి మళ్ళీ తీశావు. దీన్ని నాలుగు వాక్యాల్లో రాయి: ఏం తేడా కనిపించింది, ఎలా వెతికావు, ఏం మార్చావు, ఏం పారేశావు. సానుభూతి కోసం ఒక్క ముక్క కూడా వద్దు. తన కొలతను తానే అనుమానించి ఏడాది పనిని పక్కన పెట్టగలిగిన మనిషిని ఎవరైనా తమ ప్రయోగశాలలోకి రానిస్తారు.

ఇక బోధన. నాకు నిజంగా బాధ కలిగింది ఇక్కడ. మూడున్నర పేజీలు పరిశోధనకు పోయాక మిగిలిన అరపేజీలో ‘బోధన అంటే నాకు ఎంతో ఇష్టం’ అని మొదలుపెట్టి, రెండు సెమిస్టర్లు టీఏగా (బోధనలో సహాయకురాలిగా) పనిచేశానని ముగించావు. ఇష్టమని అందరూ రాస్తారు. ఏ కోర్సు, తరగతిలో ఎందరు, వారానికి ఎన్ని గంటలు, ఏ భాగం నువ్వే సొంతంగా చెప్పావు, ఎన్ని జవాబు పత్రాలు దిద్దావు, అవి ముందు రాసి, ఆ తర్వాత ఒకే ఒక్క తరగతి గురించి వివరంగా రాయి.

ఏ తరగతో నేను చెబుతాను. ప్రొటీన్ ఎందుకు ముడుచుకుంటుందో చెప్పడానికి చారు మీది నూనె చుక్కల ఉదాహరణ తీసుకున్నావు. తాలింపు వేయగానే నూనె చిన్నచిన్న చుక్కలుగా తేలుతుంది, కాసేపటికి రెండేసి చుక్కలు కలిసి పెద్దవవుతాయి. ప్రొటీన్ గొలుసులో నూనెలాంటి భాగాలు కూడా అలాగే నీటికి దూరంగా లోపలికి చేరతాయన్నావు. అప్పుడు వెనక వరసలోని కుర్రాడు, పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివినవాడు, లేచి అడిగాడు: ‘నూనెకు నూనె అంటే ఇష్టమా, నీటికి నూనె అంటే పడదా?’ ఆ పూట నువ్వు జవాబు చెప్పలేకపోయావు. చెప్పలేనని ఒప్పుకుని, వారం గడువు అడిగావు. ఆ వారమంతా చదివి వెళ్ళి చెప్పావు, ఇష్టాయిష్టాలకన్నా నీటి స్వేచ్ఛ ఇక్కడ ముఖ్యమని. మామూలు వేడి దగ్గర నూనె చుట్టూ చేరిన నీటి అణువులకు తిరిగే వీలు తగ్గుతుంది. నూనె చుక్కలు కలిస్తే నీటిని తాకే ఉపరితలం తగ్గి, అంతమేర నీరు విడుదలవుతుంది. ఆ రోజు నువ్వు ఫోనులో ఎంత సంతోషంగా ఉన్నావో నాకు తెలుసు. అన్నిటికన్నా ముఖ్యం, ఆ ప్రశ్న వచ్చాకే ఉప్పు మోతాదు మారిస్తే నీ ప్రొటీన్ ఏం చేస్తుందో చూడాలని నీకు తోచింది. నీ థీసిస్‌లో మూడో అధ్యాయం ఒక విద్యార్థి ప్రశ్నలోంచి పుట్టింది. దాన్ని రాయకుండా బోధన అంటే ఇష్టమని రాస్తే ఎలా?

ఇందాక వదిలేసిన ‘మనం’ ఇక్కడ రావాలి. నువ్వు ఆ తరగతికి వెళ్ళి ‘మనం పోయిన వారం ఒక ప్రశ్న దగ్గర ఆగాం’ అని మొదలుపెట్టానన్నావు. ఇంగ్లీషులో రాసేటప్పుడు ఆ మాటకు సమానమైనది దొరకదు. కాబట్టి జరిగింది జరిగినట్టు చెప్పు, చదివేవాళ్ళకు అందుతుంది.

నేను ఉద్యోగంలో చేరిన మొదటి మూడేళ్ళు వ్యాపనం (అణువులు వాటంతట అవే పరుచుకోవడం) పాఠాన్ని సమీకరణంతో మొదలుపెట్టేదాన్ని. నెల్లూరు నుంచి, గుమ్మిడిపూండి నుంచి రైలెక్కి వచ్చే పిల్లలు దాన్ని బట్టీపట్టి పరీక్షలో రాసేవారు. అర్థం అడిగితే తలలు వంచుకునేవారు. నాలుగో ఏడు ఒక గ్లాసు నీళ్ళూ చెంచాడు పంచదారా తెచ్చి బల్ల మీద పెట్టాను. నీరు అసలు కదలకపోతే పంచదార అణువు ఒక సెంటీమీటరు పైకి రావడానికి ఎంతసేపు పడుతుందో లెక్కగట్టమన్నాను. ఒక రోజు పైనే పడుతుందని తేలింది. అదే ఒక మైక్రాను దూరమైతే, బ్యాక్టీరియా అంత దూరం, సెకనులో వెయ్యో వంతు చాలు. దూరం పదివేల రెట్లు పెరిగితే కాలం పది కోట్ల రెట్లు పెరుగుతుంది. బ్యాక్టీరియాకు గుండె ఎందుకు అక్కర్లేదో, మనకు ఎందుకు కావాలో అప్పుడు వాళ్ళే చెప్పారు. ఆ మొదటి మూడేళ్ళూ నా దగ్గర చదివిన పిల్లలకు నేను బాకీపడ్డానని ఇప్పటికీ అనిపిస్తుంది. నువ్వు రెండు సెమిస్టర్లలోనే ఈ సంగతి గ్రహించావు. దాన్ని అరపేజీలో దాచకు.

జూనియర్లకు పరికరం నేర్పడం కూడా బోధనే. ఎందరికి నేర్పావు, ఇప్పుడు వాళ్ళలో ఎవరు ఒంటరిగా కొలతలు తీస్తున్నారు, వాళ్ళ కోసం నువ్వు రాసిపెట్టిన సూచనల పుస్తకం ఇంకా వాడుతున్నారా, ఇవి చేర్చు. సంస్థను అందరూ చూడడానికి తెరిచే ఓపెన్ డే నాడు బడిపిల్లలకు చూపించిన సంగతి ఒక్క వాక్యం చాలు.

చివరి పేజీలో ‘భవిష్యత్ ప్రణాళిక’ అని, లక్షల ఖరీదు చేసే పరికరాల పట్టిక ఇచ్చావు. నువ్వు దరఖాస్తు పెడుతున్న చోట్లలో రెండు చిన్న కళాశాలలు ఉన్నాయి. వాళ్ళకు ఆ పట్టిక చూపిస్తే ఈ అమ్మాయి ఇక్కడ నిలవదని అనుకుంటారు. వాళ్ళ దగ్గర మామూలు సూక్ష్మదర్శిని ఉంటుంది, పిల్లల చేతుల్లో కెమెరా ఫోన్లు ఉంటాయి. అవి చాలు. రాబర్ట్ బ్రౌన్ 1827లో పుప్పొడి నుంచి వచ్చిన రేణువుల్లో చూసిన వణుకుకు ఐన్‌స్టీన్ 1905లో లెక్క చెప్పాడు. దాన్ని ఫ్రెంచి శాస్త్రవేత్త జాఁ పెరాఁ ప్రయోగంతో నిరూపించి అణువులున్నాయని లోకాన్ని ఒప్పించాడు, 1926లో నోబెల్ అందుకున్నాడు. మైక్రాను పూస నీటిలో ఒక సెకనులో ఒక దిశలో సుమారు తన వ్యాసమంత దూరం జరుగుతుంది. ఫోనుతో వీడియో తీసి, పూస ఎక్కడెక్కడికి పోయిందో గుర్తులు పెట్టుకుంటే ఉష్ణోగ్రతను అణువుల శక్తితో ముడిపెట్టే బోల్ట్‌జ్‌మన్ స్థిరాంకాన్ని డిగ్రీ పిల్లలే రాబట్టవచ్చు. నీ పట్టకారును నువ్వు సరిచూసుకునేదీ ఈ వణుకుతోనే. మొదటి ఏడాది ఈ ప్రయోగం పెడతానని, దానికి ఏమేం కావాలో, ఎన్ని వారాలు పడుతుందో రాయి. పెద్ద పరికరాల సంగతి మీ పాత ప్రయోగశాలతో కలిసి చేస్తానని ఒక పేరా చాలు.

మొత్తం నాలుగు పేజీలు దాటనివ్వకు. పరిశోధనకు రెండున్నర, బోధనకు ఒకటిన్నర. తెలుగు ప్రతి పూర్తయ్యాక రెండు రోజులు ఆగి, ఇంగ్లీషు పాత ప్రతి చూడకుండా కొత్తగా రాయి. అది మీ గైడుకూ, ప్రొటీన్ శుద్ధి చేసిన మీ సీనియర్‌కూ చూపించు. తన పని గురించి నువ్వు రాసింది సరిగా ఉందో లేదో ఆమే చెప్పాలి.

తెలుగు ప్రతి మాత్రం ముందు నాకు పంపు. వీలైతే శనివారం బృందావన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి నువ్వే తీసుకురా, రాత్రి భోజనానికి కూర్చునే ఉంటాం. వచ్చేలోగా ఒక అంకె చూసి పెట్టుకో. మూడో పేజీలో, వదిలేసిన ప్రొటీన్ ‘కొన్నిసార్లు’ వేరే దారిలో ముడుచుకుంది అని రాశావు. ఎన్నిసార్లలో ఎన్నిసార్లు? ఎన్ని అణువుల మీద చూశావు? నాయనమ్మకు ఇది చదివి వినిపిస్తే తనూ అదే అడిగింది.

ఆశీస్సులతో,
నీ అత్తయ్య